నట్టింటికి పెద్ద తెర

ఇంటిలోనికి వచ్చే వస్తువులన్నీ ఒక్క రకమైనవి కావు. కుట్టుమిషను గానీ ఫ్రిజ్ గానీ మనకు అవసరమైనప్పుడు పనిచేసి, తక్కిన వేళల్లో తన మూలన తాను ఉంటుంది. టెలివిజన్ అలా ఉండదు. అది వచ్చిన మరునాటి నుండి ఇంటిల్లిపాదీ కూర్చునే తీరును, నిద్రించే వేళను, మాట్లాడుకునే విషయాలను తన వైపు తిప్పుకోగలదు. అందువలన దానిని ఎంచుకోవడం ధరకూ అంగుళాలకూ సంబంధించిన వ్యవహారం మాత్రమే కాదని మేము భావించాము. గత సంవత్సరం హనుమకొండలోని సుబేదారిలో ఉన్న మా ఇంటికి ఒక పెద్ద టెలివిజన్ కొన్నాము. ఆ నిర్ణయానికి మాకు ఎనిమిది నెలలు పట్టింది. మా ఆలోచన మరికొన్ని కుటుంబాలకు ఉపకరించవచ్చునన్న ఆశతో ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మా ఇంటిలో ఆరుగురము. మేమిద్దరము, పిల్లల దాదీ, ఇంటర్మీడియట్ చదువుతున్న పెద్దబ్బాయి, ఎనిమిదవ తరగతి అమ్మాయి, ఆరేళ్ల చిన్నవాడు. పాత 32 అంగుళాల టెలివిజన్ తెర సగం నల్లబడి చాలా కాలమైంది. ఆశ్చర్యమేమిటంటే, అది పాడైనందుకు దాదీ తప్ప మరెవ్వరూ బాధపడలేదు. తక్కినవారి చేతుల్లో ఫోన్లు ఉన్నాయి గదా! ఒకే కప్పు కింద ఒకరు క్రికెట్, ఒకరు కార్టూన్లు, ఒకరు వంటల వీడియోలు చూస్తుండేవారు. పెద్దబ్బాయి మాత్రం ఇషా నమాజు ముగించుకుని స్నేహితులతో కలిసి ఒక గేమింగ్ సెంటరుకు వెళ్లి, రాత్రి పదకొండుకు తిరిగి వచ్చేవాడు. అక్కడ ఎవరుంటారో, ఏ ఆట ఆడుతారో, పందేలేమైనా కాస్తారో మాకు తెలిసే మార్గం లేదు.

అటువంటి రోజుల్లోనే జెద్దాలో పనిచేసే పిల్లల మామూ సెలవుపై వస్తూ ప్లేస్టేషన్ 5 తెచ్చి మేనల్లుని చేతిలో పెట్టాడు. బహుమతి ఇంటికి వచ్చింది గానీ దానిని తగిలించేందుకు సరియైన తెర లేదు. “అబ్బా, రేపే వాయిదాల మీద ఒక 65 అంగుళాలది తెచ్చేద్దాము” అన్నాడు అబ్బాయి. మా చర్చ అక్కడ మొదలైంది.

ఆట ఇంటిలోనికి రావచ్చునా?

సినిమాలు, ఆటలు ఉన్న పెద్ద తెరను ఇంటిలోనికి తీసుకురావడమే తగదని చెప్పే పెద్దలు మన మధ్య ఉన్నారు. వారి మాటలో హితం ఉన్నది, మేము దానిని తేలికగా తీసుకోలేదు. అయితే మా ముందున్న ప్రశ్న వేరు. తెర ఇంటిలోనికి రాకుండా ఆపగలమా అన్న దశ దాటిపోయింది. అది ప్రతి జేబులోనూ ఉన్నది. దుప్పటి కింద వెలిగే ఐదు అంగుళాల తెర మేలా, తల్లి వంటగది నుండి తలెత్తితే కనిపించే పెద్ద తెర మేలా అన్నదే మేము తేల్చుకోవలసి వచ్చింది.

నిజానికి మన ప్రాంతంలో టెలివిజన్ సామూహిక వస్తువుగానే పుట్టింది. 1975 ఆగస్టు 1 నుండి ఒక సంవత్సరం పాటు మన దేశం ఉపగ్రహం ద్వారా పల్లెలకు ప్రసారాలు పంపే ‘సైట్’ అనే ప్రయోగం చేసింది. ఆరు రాష్ట్రాల్లోని దాదాపు 2,400 గ్రామాలను ఎంచుకోగా, వాటిలో ఆంధ్రప్రదేశ్ గ్రామాలు కూడా ఉన్నాయి. ఆ టెలివిజన్లను తయారుచేసినది హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. సంస్థ. ఒక్కొక్క ఊరికి ఒక్కొక్క టెలివిజన్, దాని ముందు ఊరంతా! 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల నాటికి రంగుల ప్రసారాలు వచ్చాయి. ఆ దశకంలో పెరిగిన మా తరానికి పొరుగింటి ముందుగది, చెక్క తలుపులున్న టెలివిజన్ పెట్టె, డాబా మీద యాంటెన్నా తిప్పుతూ “వచ్చిందా?” అని అరిచే అన్నయ్య, అందరూ గుర్తే. ఆదివారం సాయంత్రం ఎవరింటి చాప మీద ఎవరు కూర్చున్నారన్న లెక్క ఉండేది కాదు. తెర చిన్నది, చుట్టూ మనుషులు ఎక్కువ. నేడు తెరలు పెరిగి, ఒక్కొక్క తెర ముందు ఒక్కొక్కరే మిగిలారు. ఇంటివారిని తిరిగి ఒక్కచోట కూర్చోబెట్టగలిగితేనే పెద్ద టెలివిజన్‌కు మా ఇంటిలో చోటు అని నిశ్చయించుకున్నాము.

గోడ చెప్పిన లెక్క

దుకాణానికి వెళ్లకముందే టేపు పట్టుకుని మా హాలును కొలిచాము. తూర్పు పడమరలుగా 14 అడుగులు, ఉత్తర దక్షిణాలుగా 10 అడుగులు. ఇక్కడ ముస్లిం ఇంటికి ఒక ప్రత్యేకమైన లెక్క ఉన్నది. మన వరంగల్లు నుండి ఖిబ్లా దిశ పడమరకు కొద్దిగా ఉత్తరంగా ఉంటుంది. మా ఇంటి స్త్రీలు హాలులోనే నమాజు చేస్తారు. కనుక పడమటి గోడకు తెర తగిలించే ప్రసక్తే లేదు. ఆపివేసి ఉన్నా సరే, నల్లని పెద్ద అద్దం వంటి తెర ముందు నిలిచి నమాజు చేస్తే మనసు నిలవదు.

ఇక తూర్పు గోడ. దానికి ఎదురుగా పడమటి గోడకు పెద్ద కిటికీ ఉన్నది. అస్ర్ వేళకు ఎండ నేరుగా తూర్పు గోడ మీద పడుతుంది. అక్కడ ఎంత ఖరీదైన తెర పెట్టినా అందులో సినిమా కన్నా మా కిటికీయే స్పష్టంగా కనిపిస్తుంది. ఉత్తర గోడకు వాకిలి ఉన్నది. మిగిలినది దక్షిణ గోడ. వెలుతురు పక్క నుండి వస్తుంది, పరదా వేస్తే సరిపోతుంది. ఎదుటి సోఫాలో కూర్చున్నవారి కంటి నుండి ఆ గోడకు ఏడున్నర అడుగులు, అంటే 90 అంగుళాలు.

తెర కొలత అంటే దాని ఒక మూల నుండి ఎదుటి మూలకు ఉండే ఏటవాలు పొడవు. దానిని 1.6తో గుణిస్తే, సినిమా చూసేందుకు హాయిగా ఉండే దూరం వస్తుందని ఈ విద్యలో ఒక లెక్క చెబుతారు. ఆ దూరంలో తెర మన కంటికి సుమారు 30 డిగ్రీల మేర ఆక్రమిస్తుంది. సినిమా హాలులో ముందు వరుసలకు దగ్గరైనట్లు ఉండాలంటే 1.2తో గుణించాలి, అప్పుడు 40 డిగ్రీలు. 55 అంగుళాల తెరకు ఈ దూరాలు 88, 66 అంగుళాలు. 65 అంగుళాల తెరకు 104, 78 అంగుళాలు. మా 90 అంగుళాల దూరానికి రెండూ సరిపోతాయి. “చూశారా, 65 కూడా లెక్కలోనే ఉన్నది” అని అబ్బాయి సంతోషించాడు. అతని మాట నిజమే. 55 నుండి 65కు వెళ్లితే వైశాల్యం దాదాపు 40 శాతం పెరుగుతుంది. ఆ తేడా కంటికి బాగా తెలుస్తుంది.

పాత 32 అంగుళాల అలవాటుతో చూస్తే ఏ పెద్ద తెరయినా భయపెడుతుంది. దాదీ కూడా “ఇంత పెద్దదా? కళ్లు పోవూ!” అన్నారు. అందుకని పాత వార్తాపత్రికలను అంటించి, 55 అంగుళాల తెరకు సరిపడా 122 సెంటీమీటర్ల వెడల్పు, 68 సెంటీమీటర్ల ఎత్తుతో ఒక చట్రం, 65కు సరిపడా 144 సెంటీమీటర్ల వెడల్పు, 81 సెంటీమీటర్ల ఎత్తుతో మరొక చట్రం చేసి, దక్షిణ గోడకు నాలుగు రోజుల చొప్పున అతికించి చూశాము. రూపాయి ఖర్చు లేని ఈ పరీక్షను ప్రతి కుటుంబానికీ సిఫారసు చేస్తాము. కూర్చున్నప్పుడు కంటి ఎత్తు తెర మధ్యకు కొంచెం అటూ ఇటూగా రావాలన్న సంగతి కూడా ఆ కాగితాలే తెలిపాయి. షోకేసు మీద ఎత్తున తగిలించి మెడలు పైకెత్తి చూసే ఇళ్లు మనకు ఎన్నో తెలుసు.

అంగుళాలా? నాణ్యతా?

మేము పొదుపు చేయదలచిన మొత్తం 60 వేల రూపాయలు. ఆ డబ్బుకు రెండు దారులు కనిపించాయి. ఒకటి సామాన్యమైన 65 అంగుళాల తెర, రెండవది మేలైన 55 అంగుళాల తెర. తేడా ఎక్కడ ఉన్నదో అర్థం చేసుకునేందుకు మాకు కొన్ని వారాలు పట్టింది.

మొదటిది వేగం. తెర సెకనుకు ఎన్నిసార్లు బొమ్మను మార్చగలదో చెప్పే అంకెను హెర్ట్జ్‌లలో చూపుతారు. సినిమాకు పెద్ద వేగం అవసరం లేదు. సినిమాలను సెకనుకు 24 చిత్రాల చొప్పున తీస్తారు. కానీ ఆటకు వేగం కావాలి. 60 హెర్ట్జ్ తెరపై ఒక్కొక్క బొమ్మ దాదాపు 17 మిల్లీసెకన్లు నిలుస్తుంది, 120 హెర్ట్జ్ తెరపై 8 మిల్లీసెకన్లు మాత్రమే. మీట నొక్కినప్పటికీ తెర మీద ఆటగాడు కదిలినప్పటికీ మధ్య ఆలస్యం తగ్గుతుంది. ప్లేస్టేషన్ 5 వంటి యంత్రాలు 120 వరకు పంపగలవు. దానిని 4కె స్పష్టతతో అందుకోవాలంటే టెలివిజన్‌కు హెచ్‌డీఎంఐ 2.1 రకపు ద్వారం ఉండాలి. చాలా టెలివిజన్లలో నాలుగు ద్వారాలుంటే రెండింటికే ఆ శక్తి ఉంటుందని గమనించాము. ఏ ద్వారం ఏదో వెనుక వ్రాసి ఉంటుంది, అడిగి చూడాలి.

రెండవది తెర రకం. ఓలెడ్ తెరలో ప్రతి చుక్క తానే వెలుగుతుంది, తానే ఆరుతుంది. చీకటి దృశ్యం నిజంగా చీకటిగా ఉంటుంది, ఏ పక్క నుండి చూసినా రంగు మారదు. క్యూఎల్‌ఈడీ అన్న పేరు వినడానికి దానిలాగే ఉన్నా అది వేరు. అది వెనుక దీపాలు వెలిగే ఎల్‌సీడీ తెరయే, రంగులు మెరుగుపరచినది. మినీ ఎల్‌ఈడీ అన్నది కూడా ఆ జాతిదే, అయితే వెనుక దీపాలు చాలా చిన్నవై, భాగాలు భాగాలుగా వెలిగి ఆరుతాయి. చీకటిలో సినిమా చూసేవారికి ఓలెడ్ శ్రేష్ఠమని మాకూ అనిపించింది. కానీ మా ఇంటి తీర్పు దాదీ ఇచ్చారు.

దాదీకి ఉమ్రాకు వెళ్లే భాగ్యం ఇంకా కలుగలేదు. ఆమె చూసేది ప్రధానంగా మక్కా హరమ్ ప్రత్యక్ష ప్రసారం. అక్కడి గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనుక. రమజానులో మనకు రాత్రి 11 దాటాక అక్కడ తరావీహ్ జరుగుతుంటుంది. ఆమె తస్బీహ్ చేతబట్టి గంటల తరబడి తవాఫ్ చూస్తూ కూర్చుంటారు. ఆ ప్రసారంలో ఛానెల్ గుర్తు ఒక మూలన కదలకుండా ఉంటుంది. వార్తల ఛానెళ్ల కింది పట్టీ, ఆటల్లో స్కోరు చూపే గడి కూడా అంతే. ఓలెడ్ తెర మీద కదలని గుర్తులు సంవత్సరాల తరబడి ఒకే చోట నిలిస్తే నీడలాంటి మచ్చ మిగిలే అవకాశం ఉన్నది. పైగా పగటి వెలుతురు గల హాలు మాది. కనుక వెలుగు ఎక్కువగా ఇచ్చే మినీ ఎల్‌ఈడీ వైపు మొగ్గాము.

దానిలో ఒక లోపం ఉన్నది. పక్క నుండి చూస్తే రంగులు కొంత పాలిపోతాయి. దాదీ కుర్చీ ఇంతకాలం తలుపు పక్క మూలన ఉండేది. “అయితే దాదీ కుర్చీని మధ్యకు జరుపుదాము, మేము పక్కన కూర్చుంటాము” అన్నది మా అమ్మాయి. ఒక సాంకేతిక లోపం వలన ఇంటి పెద్దకు నట్టింట నడుమ స్థానం దొరికింది. ఆ మాటతో 65 అంగుళాల వాదన కూడా మెత్తబడింది. 120 హెర్ట్జ్ ఉన్న మంచి 55 చాలునని అబ్బాయే చెప్పాడు.

దుకాణంలో

హనుమకొండ చౌరస్తా, నక్కలగుట్ట ప్రాంతాల్లో నాలుగైదు దుకాణాలు తిరిగాము. అక్కడ గోడ నిండా తెరలు మిలమిలలాడుతుంటాయి. ఆ మెరుపు దుకాణపు దీపాల మధ్య కంటిని లాగేందుకు పెట్టిన అమరిక. ఇంట్లో అదే అమరికతో చూస్తే మొహాలు ఎర్రగా, ఆకులు పచ్చరంగు పూసినట్లుగా ఉంటాయి. “అన్నా, దీన్ని సినిమా మోడ్‌లో పెట్టి చూపించండి” అని ప్రతి చోటా అడిగాము. పెన్‌డ్రైవ్‌లో మేమే రెండు దృశ్యాలు తీసుకువెళ్లాము. ఒకటి రాత్రిపూట సముద్రం మీద పడవ, రెండవది మైదానంలో వేగంగా పరుగెత్తే బంతి. మొదటిదానిలో నలుపు బూడిద రంగుగా మారుతుందా, పడవ దీపం చుట్టూ తెల్లని మసక వస్తుందా అని చూశాము. రెండవదానిలో బంతి వెనుక తోక సాగుతుందా అని చూశాము.

వేగం విషయంలో ప్రచారపు అంకెలు వేరు, తెర అసలు అంకె వేరు. పెద్ద అంకె వ్రాసి, కింద చిన్న అక్షరాలలో అది బొమ్మలను కృత్రిమంగా నునుపుచేసే ప్రక్రియకు చెందినదని చెప్పడం ఉన్నది. “ఈ 120 ప్యానెల్ అంకేనా?” అన్న ఒక్క ప్రశ్నకు సూటిగా జవాబు ఇవ్వని చోట మేము ఆగలేదు. ఆ నునుపు ప్రక్రియ వలన సినిమా సీరియల్ లాగా కనిపిస్తుంది, ఆటకు ఆలస్యం పెరుగుతుంది. ఇంటికి వచ్చాక దానిని ఆపివేయడం, ఆడేటప్పుడు గేమ్ మోడ్ పెట్టడం మొదటి పనులు.

పలుచని టెలివిజన్లకు గొంతు తక్కువ. స్పీకర్లు కింది వైపో వెనుక వైపో ఉంటాయి. చెవి మందగించిన దాదీకి శబ్దం పెంచితే పొరుగువారికి కష్టం. కనుక పెద్ద పెద్ద డబ్బాల జోలికి పోక, మాటలు స్పష్టంగా వినిపించే ఒక చిన్న సౌండ్‌బార్ తీసుకున్నాము. పొరుగువారి హక్కు మన ధర్మంలో ఎంతటిదో మనకు తెలిసినదే. రాత్రిపూట మా బాంబుల చప్పుడు వారి గోడ దాటకూడదు గదా!

విద్యుత్తు ఖర్చుకు కూడా లెక్క చూసుకోవాలి. 120 వాట్ల తెర రోజుకు 3 గంటలు నడిస్తే నెలకు 11 యూనిట్ల లోపే. ప్రతి టెలివిజన్ మీద ఉండే నక్షత్రాల చీటీ చూస్తే పోల్చుకోవచ్చు. గోడకు బిగించేటప్పుడు ఇటుక గోడలో గట్టి బోల్టులు వేయించాము. ఆరేళ్ల పిల్లవాడున్న ఇంట్లో బల్ల మీద నిలబెట్టిన పెద్ద తెర ప్రమాదకరం.

వడ్డీ లేదన్న వాయిదాలు

అన్నిటికన్నా కష్టమైన చర్చ డబ్బు గురించి జరిగింది. ప్రతి దుకాణంలోనూ ధర చెప్పకముందే “జీరో కాస్ట్ ఈఎంఐ ఉన్నది సార్, వడ్డీ ఏమీ ఉండదు” అని చెప్పారు. వడ్డీ లేనప్పుడు మనకేమి అభ్యంతరమని అబ్బాయి వాదన. కాగితాలు అడిగి చదివాము. ఉదాహరణకు 60,000 రూపాయల వస్తువును ఆరు నెలల పాటు 10,000 చొప్పున కట్టమంటారు. లోపల జరిగేది ఇది. అప్పిచ్చే సంస్థ వడ్డీ 3,000 అనుకుంటే, అమ్మకందారు గానీ తయారీదారు గానీ ఆ 3,000 తగ్గింపుగా ఇస్తారు. మన పేరున 57,000 అప్పు వ్రాస్తారు. మనము 60,000 కడతాము. అంటే వడ్డీ ఉన్నది, దాని మీద 18 శాతం జీఎస్టీ 540 రూపాయలు కూడా ఉన్నది, ఆపైన ప్రాసెసింగ్ రుసుము ఉన్నది. పేరు మాత్రం ‘జీరో’. 2013 సెప్టెంబరులోనే రిజర్వు బ్యాంకు, సున్నా శాతం వడ్డీ అన్న మాటలో వాస్తవం లేదని, అది వినియోగదారుని నుండి అసలు ఖర్చును దాచివేస్తున్నదని బ్యాంకులను మందలించింది. ధర్మం మాట అటుంచినా, లౌకికమైన బ్యాంకే ఒప్పుకోని మాట ఇది.

మా మస్జిదులోని ఆలిమ్ గారిని అడిగాము. అమ్మేవాడే ధర ముందుగా నిర్ణయించి, దానిని పెంచకుండా వాయిదాల్లో తీసుకుంటే అది వ్యాపారమని, మూడవ వ్యక్తి డబ్బు అప్పిచ్చి అంతకన్నా ఎక్కువ రాబట్టుకుంటే అది వడ్డీ అని వివరించారు. మీ కాగితంలో ఏది ఉన్నదో మీరే చదివి చూడండి అన్నారు. చదివాము గనుక మాకు సందేహం మిగలలేదు.

ఆ రాత్రి అబ్బాయి అన్నం సరిగా తినలేదు. “నా స్నేహితులందరి ఇళ్లలో ఇలాగే కొన్నారు, మన ఒక్కరికేనా ఈ లెక్కలు?” అన్నాడు. గదమాయించి నోరు మూయించవచ్చు. కానీ పదహారేళ్ల వాడు అడిగిన ప్రశ్నకు జవాబు ఇవ్వకపోతే రేపు వాడు ఇంటిని, ఇల్లు వాడిని పట్టించుకోని స్థితి వస్తుంది. దాదీ పిలిచి తన పక్కన కూర్చోబెట్టుకున్నారు. “బేటా, మీ దాదా సైకిలు కొనడానికి రెండు సంవత్సరాలు ఆగాడు. ఆ రెండేళ్లూ సుబేదారి నుండి కాజీపేటకు నడిచే వెళ్లాడు. సైకిలు వచ్చిన నాడు ఎవరికీ తల వంచి సలాం కొట్టవలసిన అవసరం లేకపోయింది” అన్నారు. అబ్బాయి మాట్లాడలేదు. మరునాడు ఒక పాత బిస్కట్ డబ్బా తెచ్చి అలమారలో పెట్టాడు. ఈదీగా వచ్చిన డబ్బు, గేమింగ్ సెంటరుకు పెట్టే డబ్బు అందులో వేయసాగాడు. మేము నెలకు ఏడు వేల చొప్పున వేశాము. ప్లేస్టేషన్ ఎనిమిది నెలలు దాని పెట్టెలోనే ఉన్నది.

ఆగినందుకు ఒక లాభం అనుకోకుండా కలిసి వచ్చింది. 2025 సెప్టెంబరు 22 నుండి 32 అంగుళాలకు మించిన టెలివిజన్ల మీద జీఎస్టీ 28 శాతం నుండి 18 శాతానికి తగ్గింది. పన్ను లేకుండా 50,000 ఉన్న వస్తువు 64,000కు బదులు 59,000కు వచ్చినట్లు. పూర్తి నగదు ఇస్తున్నాము గనుక, వాయిదాలవారికి ఇచ్చే ఆ తగ్గింపును మాకు ధరలోనే ఇవ్వమని అడిగాము. కొంత బేరమాడాక ఇచ్చారు. మిగిలిన డబ్బుతోనే సౌండ్‌బార్ వచ్చింది.

తెర వచ్చిన తరువాత

టెలివిజన్ గోడకెక్కిన రోజే ఆరుగురమూ కూర్చుని ఇంటి నియమాలు వ్రాసుకున్నాము. పిల్లలను అడిగి వ్రాసినందున వాటిలో వారి మాట కూడా ఉన్నది. అజాన్‌కు పది నిమిషాల ముందు తెర ఆగాలి. నమాజు పిలుపు విన్నాక ఆట మధ్యలో లేవడం కష్టమని అబ్బాయే ఈ పది నిమిషాలు అడిగాడు. బడి, కాలేజీ ఉన్న రోజుల్లో ఆట లేదు. శని, ఆదివారాల్లో రెండేసి గంటలు. ఆదివారం సాయంత్రం ముందుగా ఆర్ట్స్ అండ్ సైన్స్ కళాశాల మైదానంలో గంటసేపు నిజమైన బంతితో ఆడి రావాలి. రాత్రి పదింటికి తెర పడుకోవాలి. రమజానులో దాదీ తరావీహ్ ప్రసారానికి మాత్రం ఈ చివరి నియమం వర్తించదు.

ఏ ఆట, ఏ సినిమా అన్నది మరొక ముఖ్యమైన విషయం. ఆటల డబ్బాల మీద 3, 7, 12, 16, 18 అని వయస్సు అంకెలు ఉంటాయి. మనము కొనే ప్రతి వస్తువు గడువు తేదీ చూస్తాము గానీ ఈ అంకెను చూడము. ఇంటర్నెట్ ద్వారా వచ్చే సినిమాలకు మన దేశంలో 2021 నియమాల ప్రకారం 7, 13, 16 సంవత్సరాల గుర్తులు ఉన్నాయి. 13 ఏళ్లు, అంతకు మించిన గుర్తు ఉన్నవాటికి తల్లిదండ్రులు తాళం వేసుకునే సదుపాయం ఇవ్వాలి. చిన్నవాడికి వేరే ప్రొఫైలు పెట్టి, మిగిలినవాటికి పిన్ పెట్టాము.

ఆటలలో డబ్బు పెట్టి మూసిన పెట్టెను తెరిచే పద్ధతి ఉన్నది. లోపల ఏమి వస్తుందో తెరిచేదాకా తెలియదు. బెల్జియం 2018లోనే అటువంటి కొన్నింటిని జూదంగా పరిగణించింది. మన తెలంగాణ 2017లో ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించింది. 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసింది. అదృష్టం మీద డబ్బు పెట్టడం మన ధర్మంలో ఏమిటో వేరుగా చెప్పనవసరం లేదు. మా ఇంటి ప్లేస్టేషన్‌కు ఏ కార్డు వివరాలూ జతచేయలేదు. అలాగే అతిగా ఆడటాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ రుగ్మతల జాబితాలో చేర్చిందని, ఆట మీద అదుపు పోవడం, మిగతా జీవితం కన్నా అదే ముఖ్యమవడం, నష్టం కలుగుతున్నా ఆపలేకపోవడం దాని గుర్తులని అబ్బాయికి చెప్పి, ఈ మూడింటిని అతనే తనలో చూసుకోవాలని అన్నాము.

ఇప్పుడు శనివారం రాత్రి భోజనాల తరువాత మా హాలులో ఇద్దరు ముగ్గురు పిల్లలు ఎక్కువగానే ఉంటారు. గేమింగ్ సెంటరులో అబ్బాయికి జతగా ఉన్న స్నేహితులే వీరు. వచ్చేటప్పుడు దాదీకి సలాం చెబుతారు. కార్ల పందెంలో ఎవరు గెలిచారో ఆమెకు అర్థం కాదు గానీ, ఎవరి పేరు ఏమిటో, ఎవరి తండ్రి ఏమి చేస్తాడో, ఎవరికి పరీక్షలో తక్కువ మార్కులు వచ్చాయో ఆమెకు తెలుసు. ఈ విషయాలు మాకు గతంలో తెలియవు. నియమాలు ప్రతి వారమూ సాఫీగా సాగుతున్నాయని చెప్పము. “ఇంకొక్క ఆట, అమ్మీ” అన్న మాట ఇంకా వినిపిస్తూనే ఉన్నది. దానికి “లేదు” అని చెప్పవలసిన శ్రమ మాకు తప్పలేదు. కానీ ఆ మాట మా ఎదుట వినిపిస్తున్నది, మేము జవాబు చెప్పగలుగుతున్నాము.

పెద్ద తెర కొనదలచిన కుటుంబాలకు మేము చెప్పగలిగినది ఇంతే. ముందు గోడను కొలవండి, ఖిబ్లా వైపు వదిలివేయండి, కిటికీ ఎక్కడుందో చూడండి. ఆ తెర ముందు అందరికన్నా ఎక్కువసేపు కూర్చునేది ఎవరో ఆలోచించి, వారికి తగిన రకం ఎంచుకోండి. అంకెలను దుకాణంలో అడగండి, కాగితాలను చదవండి, చేతిలో డబ్బు ఉన్నప్పుడే కొనండి. దానిని పడకగదిలో కాక నట్టింట పెట్టండి. మనకు ఇచ్చిన ధనానికీ కాలానికీ లెక్క చెప్పవలసిన రోజు ఒకటి ఉన్నది. ఆ లెక్కలో ఈ తెర కూడా ఒక పద్దు. అల్లాహ్ మన ఇళ్లను కలిసి కూర్చునే ఇళ్లుగా, మన సంతానాన్ని మన కళ్లకు చల్లదనంగా చేయుగాక! ఆమీన్.